మొగలి భట్టీ నుంచి మందుల ఫ్యాక్టరీ దాకా: ద్రావణి ఎంపికపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో ఒక పాఠకుడికి సమాధానం చెబుతూ, ఏ పదార్థం ఏ ద్రావణిలో, అంటే తనను కరిగించుకునే ద్రవంలో, ఎంత నిలకడగా ఉంటుందో ప్రయోగానికి ముందే అంచనా కట్టే పద్ధతులు ఉన్నాయని ఒక్క వాక్యం రాసి ముగించాను. ఆ ఒక్క వాక్యం గురించే ఈ నెల గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఐదింటిని ఎంచుకున్నాను. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు వాడే పాఠకులు ఈ శాస్త్ర విషయాన్ని తెలుగులో అడిగినందుకు నాకు నిజంగా ఆనందం కలిగింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే ఇస్తున్నాను.

ప్రశ్న: మూడు తరాలుగా మాది మొగలి అత్తరు భట్టీ. మొగలి నూనె మరిగే ఉష్ణోగ్రత నీటికంటే చాలా ఎక్కువని మా అబ్బాయి పుస్తకంలో చూపించాడు. అలాంటప్పుడు డేగ్‌లో (పువ్వులూ నీరూ మరిగించే పాత్రలో) నీరు మరగడం మొదలుపెట్టగానే సువాసన ముందుగా ఎలా వచ్చేస్తుంది? భప్కాలో (ఆవిరి వచ్చి చేరే పాత్రలో) గంధపు నూనెకు బదులు పారఫిన్ నూనె పోస్తే అత్తరు వాసన మారడానికి కారణం ఏమిటి? (ఛత్రపురం, గంజాం జిల్లా)

మొగలి నూనెలో మూడింట రెండు వంతులు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ, ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒకే పదార్థం ఉంటుంది. మీ అబ్బాయి చెప్పింది నిజమే. అది ఒంటరిగా మరగాలంటే 190 డిగ్రీల సెల్సియస్ దాపు వేడి కావాలి. నీరు మరిగే 100 డిగ్రీల దగ్గర దాని బాష్ప పీడనం, అంటే దాని ఆవిరి చూపే ఒత్తిడి, నీటి బాష్ప పీడనంలో ఇంచుమించు ఇరవయ్యో వంతే. ఈ అంకెను మాత్రమే చూస్తే డేగ్‌లో నీరు చాలావరకు పోయిన తరువాత గాని వాసన పైకి రాకూడదు. కానీ భట్టీ దగ్గర కూర్చున్న ఎవరికైనా జరిగేది దానికి పూర్తిగా విరుద్ధమని తెలుసు.

పుస్తకంలోని ఆ అంకె, ఆ పదార్థం తన సాటి అణువుల మధ్య ఉన్నప్పటి లెక్క. మీ డేగ్‌లో పరిస్థితి వేరు. వందల పువ్వులు వేసినా నూనె గ్రాముల లెక్కన మాత్రమే ఉంటుంది, నీరు మాత్రం నిండుగా ఉంటుంది. అక్కడ ఒక్కొక్క ఈథర్ అణువు చుట్టూ తనలాంటిది ఒక్కటి కూడా లేకుండా అన్నీ నీటి అణువులే ఉంటాయి. నీటి అణువులు ఒకదానినొకటి హైడ్రోజన్ బంధాలతో గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి, ఆ అల్లికలో చోటు దొరకని అణువు అవకాశం రాగానే ఆవిరిలోకి వెళ్లిపోతుంది. ఈ తోసివేతను కొలిచే సంఖ్యనే రసాయన శాస్త్రంలో క్రియాశీలతా గుణకం అంటారు. పరాయి ద్రవంలో అణువు తన వాళ్ల మధ్య ఉన్నంత సుఖంగా ఉంటే ఆ సంఖ్య 1. ఇంకా సుఖంగా ఉంటే 1 కంటే తక్కువ. ఇమడలేకపోతే అది పదులు, వేలు, లక్షలదాకా పోతుంది. ఆవిరిలోకి వెళ్లే జోరు తెలియాలంటే పదార్థపు బాష్ప పీడనాన్ని ఈ గుణకంతో గుణించాలి. మొగలి ఈథర్‌కు నీటిలో గుణకం రెండు వేలే అనుకున్నా, ఇరవయ్యో వంతును రెండు వేలతో గుణిస్తే వంద వస్తుంది. అంటే 190 డిగ్రీల దగ్గర మరగవలసిన పదార్థం, మరుగుతున్న నీటిలో నుంచి నీటికంటే వంద రెట్లు సులువుగా బయటపడుతుంది.

రెండు వేలు అన్నది ఉదాహరణకు తీసుకున్న అంకె కనుక, కొలతలు బాగా తెలిసిన మరొక పదార్థంతో సరిచూద్దాం. బ్యూటనాల్ 118 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 100 డిగ్రీల దగ్గర దాని బాష్ప పీడనం నీటి పీడనంలో సుమారు సగం. పలుచని ద్రావణంలో, నీటిలో దాని గుణకం 50 దాపు. సగాన్ని యాభైతో గుణిస్తే పాతిక. నీటికంటే ఆలస్యంగా మరిగే ద్రవం నీటిలో కొద్దిగా కలిసి ఉన్నప్పుడు నీటికంటే పాతిక రెట్లు తొందరగా పైకి వస్తుంది.

ఇక్కడ గులాబీని తలచుకోకుండా ఉండలేను. గులాబీ వాసనలో ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌కూ మీ మొగలి ఈథర్‌కూ తేడా ఒక్కచోటే. ఆల్కహాల్‌లో ఆక్సిజన్‌కు అంటుకుని హైడ్రోజన్ ఉన్న స్థానంలో ఈథర్‌లో మిథైల్ ఉంటుంది. ఆ హైడ్రోజన్ ఉన్నందువల్ల ఆల్కహాల్ నీటితో బంధం కలుపుకోగలుగుతుంది. లీటరు నీటిలో 20 గ్రాముల దాకా అది కరుగుతుంది, నీటిలో దాని గుణకం కొన్ని వందలతోనే ఆగిపోతుంది. అందుకే గులాబీని భట్టీలో మరిగించినప్పుడు ఆ ఆల్కహాల్‌లో ఎక్కువ భాగం నూనెలోకి చేరకుండా పన్నీరులోనే ఉండిపోతుంది. మొగలిలో ఆ హైడ్రోజన్ స్థానాన్ని మిథైల్ ఆక్రమించినందువల్ల నీటి పట్టు సడలి, నూనె సులువుగా విడిపోతుంది.

ఇక భప్కా సంగతి. మన అత్తరు పనివారు గంధపు నూనెను ఎంచుకోవడాన్ని నేను ద్రావణి ఎంపికగానే చూస్తాను, అదీ చాలా తెలివైన ఎంపికగా. పైకి వచ్చిన సువాసనను మళ్లీ పారిపోనివ్వకుండా పట్టుకునే ద్రవం కావాలి, అంటే సువాసన అణువులకు అందులో గుణకం 1 దగ్గరగా, వీలైతే ఇంకా తక్కువగా ఉండాలి. గంధపు నూనెలో శాంటలాల్ అనే ఆల్కహాళ్లు ఉన్నాయి. వాటి అణువులు పెద్దవి, నూనె స్వభావం ఉన్నవి, చివర మాత్రం హైడ్రోజన్ బంధం ఇవ్వగలిగినవి. మొగలి ఈథర్‌లోని ఆక్సిజన్‌కు ఆ బంధం దొరుకుతుంది. మొగలి నూనెలో రెండవ ముఖ్య భాగమైన టెర్పినెన్-4-ఆల్‌కు బంధం ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ చోటు ఉంటుంది. పారఫిన్ నూనెలో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్ గొలుసులు మాత్రమే. ఈథర్ అందులో కొంతవరకు సర్దుకుంటుంది గాని ఆల్కహాల్ అణువు చేయి చాపినా పట్టుకునేవారు ఉండరు. ఆల్కహాళ్లు పారఫిన్‌లో పలుచగా ఉన్నప్పుడు వాటి గుణకం పెద్దదిగా ఉంటుందన్నది అనేక కొలతల్లో తేలిన విషయం. కాబట్టి పారఫిన్ మీద పట్టిన అత్తరులో ఆల్కహాల్ భాగం ముందుగా ఎగిరిపోయి, మిగిలిన వాసన పాళ్లు మారతాయి. మీ ముక్కు పసిగట్టిన తేడాకు ఇదే కారణమని నా అంచనా.

మొగలి నీటిలో మిగిలిన నూనెను రాబట్టాలనుకుంటే, ఆ నీటిని తరువాతి డేగ్‌లో తిరిగి పోయడం మీకు తెలిసిన మార్గమే. ఉప్పు వేయడం మరొక మార్గం. ఉప్పు నీటి అణువులను తనవైపు లాక్కోవడం వల్ల నూనె అణువుల గుణకం ఇంకా పెరిగి అవి పైకి తేలుతాయి. దీనిని సెచెనోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త 1889లోనే సూత్రంగా రాశాడు. అయితే ఉప్పు కలిసిన నీటిని మొగలి నీరుగా అమ్మడానికి వీలుండదు కనుక ఏది లాభమో మీరే చూసుకోవాలి.

ప్రశ్న: నేను ఎం.ఎస్సీ. రసాయన శాస్త్రం చదువుతున్నాను. మా పాఠాల్లో యూనిఫాక్, కాస్మో-ఆర్‌ఎస్ అనే పేర్లు వచ్చాయి గాని అవి ఏమి చేస్తాయో అర్థం కాలేదు. అన్ని గాఢతలూ ఉండగా అనంత విలీనత దగ్గరి గుణకానికే ఇంత ప్రాధాన్యం ఎందుకు? (బరంపురం)

మొదట రెండవ భాగానికి జవాబు చెబుతాను. గాఢమైన ద్రావణంలో ఒక అణువు పక్కన కొన్ని సాటి అణువులు, కొన్ని పరాయి అణువులు ఉంటాయి కాబట్టి కొలిచిన సంఖ్యలో రెండు రకాల సంబంధాలూ కలగాపులగమై కనిపిస్తాయి. ద్రావితాన్ని, అంటే కరిగిన పదార్థాన్ని, తగ్గిస్తూ తగ్గిస్తూ, ఇక సాటి అణువు ఎదురే పడనంత పలుచన చేస్తే, అప్పుడు మిగిలేది ద్రావితానికీ ద్రావణికీ మధ్య ఉన్న సంబంధం ఒక్కటే. దానినే అనంత విలీనత అంటాం. పెళ్లికూతురి స్వభావం పుట్టింట్లో కంటే అత్తారింట్లో ఒంటరిగా ఉన్నప్పుడే తెలుస్తుందని మన పెద్దలు అనేవారు. అణువు విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. పైగా రెండు ద్రవాల మిశ్రమానికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, రెండు అనంత విలీనత గుణకాలు దొరికితే చాలు. వాటి నుంచి 1964 నాటి విల్సన్ సమీకరణం వంటి వాటిలోని రెండు స్థిరాంకాలను రాబట్టి మధ్యలోని గాఢతలన్నిటినీ లెక్కగట్టవచ్చు.

చరిత్రలో ఇది ఒక్కసారిగా వచ్చిన ఆలోచన కాదు. ద్రవంలో పలుచగా కరిగిన వాయువు పీడనానికి అనుపాతంలో ఉంటుందని విలియం హెన్రీ 1803లో చెప్పాడు. ఆదర్శ ద్రావణాల సూత్రాన్ని రౌల్ట్ 1880ల చివరలో ప్రకటించాడు. ఆదర్శానికి నిజం ఎంత దూరంలో ఉందో చెప్పడానికి క్రియాశీలత అనే భావాన్ని జి.ఎన్. లూయిస్ 1907లో ప్రవేశపెట్టాడు. హెన్రీ స్థిరాంకం వేరు, క్రియాశీలతా గుణకం వేరు అని చాలామంది విద్యార్థులు విడివిడిగా బట్టీపడతారు. అనంత విలీనత గుణకాన్ని శుద్ధ పదార్థపు బాష్ప పీడనంతో గుణిస్తే వచ్చేదే హెన్రీ స్థిరాంకం అని గుర్తుంచుకుంటే రెండు అధ్యాయాలు ఒకటవుతాయి.

యూనిఫాక్ పద్ధతిని 1975లో ఫ్రెడెన్స్‌లండ్, జోన్స్, ప్రాస్నిట్జ్ ప్రకటించారు. దాని మూల భావన సులువైనది. ద్రవాల సంఖ్య లక్షల్లో ఉన్నా వాటి అణువులను కూర్చిన చిన్న పరమాణు సమూహాల సంఖ్య పదుల్లోనే ఉంటుంది, కనుక అణువులకు బదులు సమూహాల మధ్య సంబంధాలను పట్టికగా రాసుకుంటే కొలవని మిశ్రమాలకు కూడా అంచనా దొరుకుతుంది. అక్షరాలు కొన్నే అయినా వాటితో ఎన్ని మాటలైనా రాయగలిగినట్లు అన్నమాట. పై జవాబులోని రెండు అణువులనే తీసుకుందాం. గులాబీ ఆల్కహాల్‌లో ఐదు సువాసనా వలయపు సీహెచ్ సమూహాలు, వలయానికి అంటుకున్న సీహెచ్2 ఒకటి, మామూలు సీహెచ్2 ఒకటి, ఓహెచ్ ఒకటి ఉన్నాయి. మొగలి ఈథర్‌లో మొదటి ఏడూ అవే, చివరి ఓహెచ్ స్థానంలో సీహెచ్3ఓ సమూహం. ఆ ఒక్క ముక్క నీటితో ఎలా ప్రవర్తిస్తుందో పట్టికలో ఉంటుంది కాబట్టి రెండింటి మధ్య తేడాను కాగితం మీదే చూడవచ్చు. సెలవుల్లో ఈ లెక్కను ఒక్కసారైనా చేతితో చేసి చూడమని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. కంప్యూటరుతో వంద లెక్కలు చేసినా రాని అవగాహన దానితో వస్తుంది.

ఈ పద్ధతికి పరిమితులు ఉన్నాయి. మొదటి యూనిఫాక్‌లోని సంఖ్యలను ప్రధానంగా మధ్య గాఢతల్లోని ఆవిరి-ద్రవ సమతాస్థితి కొలతల నుంచి తీశారు కనుక, అత్యంత పలుచని ద్రావణాలకు, ముఖ్యంగా నీటిలో హైడ్రోకార్బన్లకు, అది చాలా తప్పిపోతుంది. 1987లో జర్మనీలోని డార్ట్‌మండ్‌లో వైడ్లిక్, గ్మెలింగ్ సవరించిన రూపంలో అనంత విలీనత కొలతలను కూడా కలిపి సంఖ్యలను సరిదిద్దారు. అందుచేత విలీన ద్రావణాలకు ఆ రూపాన్నే వాడాలి. రెండు ఓహెచ్ సమూహాలు పక్కపక్కన ఉన్నా దూరంగా ఉన్నా ఈ పద్ధతి దృష్టిలో చాలావరకు ఒకటే. పట్టికలో లేని సమూహం తగిలితే లెక్క అక్కడితో ఆగిపోతుంది. అయాన్లు ఉన్నచోట ఇది అసలు పనికిరాదు. ఛత్రపురం సముద్రపు ఇసుకలో దొరికే మోనజైట్ వంటి ఖనిజాల నుంచి తీసే అరుదైన మృత్తిక మూలకాలను ఒకదాని నుంచి ఒకటి వేరుచేయడానికి కూడా ద్రావణి నిష్కర్షణే (కావలసినదాన్ని వేరే ద్రవంలోకి లాగడమే) వాడతారు గాని, అక్కడ లోహ అయానుతో రసాయన చర్య జరుపుతూ పట్టుకునే, ఫాస్ఫరస్ ఉన్న సేంద్రియ ఆమ్లాలు పనిచేస్తాయి కనుక దాని లెక్క వేరే దారి.

కాస్మో-ఆర్‌ఎస్ ఇంకొక దిక్కు నుంచి వచ్చింది. దీనిని జర్మనీకి చెందిన ఆండ్రియాస్ క్లాంట్ 1995లో ప్రకటించాడు. అణువును పరిపూర్ణ విద్యుద్వాహకంలో ముంచినట్లు ఊహించి, దాని ఉపరితలం మీద ఎక్కడ ఎంత విద్యుదావేశం పేరుకుంటుందో క్వాంటం గణనతో కనుక్కుంటారు. ఆ ఉపరితలాన్ని చిన్న చిన్న చెక్కలుగా లెక్కించి, ఎంత ఆవేశం ఉన్న చెక్కలు ఎన్ని ఉన్నాయో ఒక రేఖాచిత్రంగా గీస్తారు, దానిని సిగ్మా ప్రొఫైల్ అంటారు. నీటి ప్రొఫైల్‌లో రెండు చివరలా గుట్టలు ఉంటాయి, ఒకటి హైడ్రోజన్లది, రెండవది ఆక్సిజన్‌ది. హెక్సేన్ ప్రొఫైల్ మాత్రం మధ్యలో ఒకే గుట్టగా ఉంటుంది. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే నీటిలో హెక్సేన్ గుణకం నాలుగైదు లక్షలు ఎందుకు అవుతుందో ఒక్క సమీకరణం లేకుండానే అర్థమవుతుంది. ఈ పద్ధతికి సమూహాల పట్టిక అక్కరలేదు కనుక ఎవరూ ఇంతవరకు తయారుచేయని అణువుకు కూడా అంచనా చెబుతుంది. దీని దాయాది అయిన కాస్మో-సాక్ పద్ధతిని లిన్, శాండ్లర్ 2002లో ప్రకటించారు. 1,400కు పైగా పదార్థాల సిగ్మా ప్రొఫైళ్లను అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం అందరికీ అందుబాటులో ఉంచింది. మీరు ప్రాజెక్టు పని మొదలుపెట్టడానికి అవి చాలు.

2020లో జర్మన్ పరిశోధకులు మరొక ప్రయత్నం చేశారు. ద్రావితాలను అడ్డవరుసలుగా, ద్రావణులను నిలువు వరుసలుగా పెట్టి, కొలిచిన గుణకాలను గళ్లలో నింపి, ఖాళీగా మిగిలిన అత్యధిక గళ్లను యంత్ర అభ్యాసంతో (మెషిన్ లెర్నింగ్‌తో) పూరించారు. ఫలితాలు ఆశాజనకంగానే వచ్చాయి. నింపిన గళ్లు నమ్మదగినవైతేనే ఖాళీ గళ్లూ నమ్మదగినవి అవుతాయి కాబట్టి, కొలిచేవారి అవసరం దీనివల్ల తగ్గలేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. కొలత కూడా మీకు అందని పని కాదు. పలుచని ద్రావణం గుండా నైట్రోజన్‌ను నెమ్మదిగా పంపి, బయటికి వచ్చే వాయువులో ద్రావితం ఎంత వేగంగా తగ్గుతూ పోతుందో, వాయువులోని పదార్థాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌తో చూస్తే, ఆ తగ్గుదల నుంచి గుణకం వస్తుంది. ద్రావణినే క్రొమటోగ్రాఫ్ గొట్టంలో పూతగా వేసి, ద్రావితం అందులో ఎంతసేపు చిక్కుకుంటుందో కొలవడం మరొక మార్గం.

ప్రశ్న: నేను పైడిభీమవరం ప్రాంతంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ కెమిస్టును. డైక్లోరోమీథేన్ మానేసి ఇథైల్ ఎసిటేట్‌కు మారమన్నారు. హాన్సెన్ సంఖ్యల ప్రకారం రెండూ దగ్గర ద్రావణులేనని చెప్పారు. కానీ నీటితో కడిగే దశలో సాల్వెంట్ నష్టం బాగా పెరిగింది, తప్పు మా మీదకు వచ్చింది. లెక్క ఎక్కడ తప్పింది? (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే తప్పు మీది కాదు. సంఖ్యలు కూడా తప్పు కాదు. వాటిని వాటి పరిధి దాటి వాడడమే తప్పు.

చార్లెస్ హాన్సెన్ 1967లో కోపెన్‌హాగెన్‌లో తన పరిశోధన గ్రంథంలో ప్రతి ద్రవానికీ మూడు సంఖ్యలు ఇచ్చాడు. మొదటిది మామూలు ఆకర్షణకు, రెండవది ధ్రువణతకు, మూడవది హైడ్రోజన్ బంధానికి. అంతకు ముందు హిల్డెబ్రాండ్ ఒకే సంఖ్యతో నడిపిన లెక్కను ఇలా మూడుగా విడదీశాడు. డైక్లోరోమీథేన్‌కు ఆ మూడూ 17.0, 7.3, 7.1; ఇథైల్ ఎసిటేట్‌కు 15.8, 5.3, 7.2. ఈ సంఖ్యల తేడాలను కలిపి కట్టే హాన్సెన్ దూరం వాటి మధ్య 3 చిల్లర మాత్రమే వస్తుంది, అంటే చాలా దగ్గర. రంగులు, రెసిన్లు, ప్లాస్టిక్కులు ఏ ద్రవంలో కరుగుతాయో చూడడానికి ఈ దూరం చక్కగా పనిచేస్తుంది. అందుకోసమే అది పుట్టింది కూడా.

మీ కడిగే దశలో ప్రశ్న అది కాదు. అక్కడ ద్రావణే ద్రావితమైపోయి, నీటిలో పలుచగా కరుగుతోంది. లీటరు నీటిలో డైక్లోరోమీథేన్ ఇరవై గ్రాముల లోపే కరుగుతుంది, ఇథైల్ ఎసిటేట్ ఎనభై గ్రాముల దాకా కరుగుతుంది. గుణకాల్లో చెప్పాలంటే, నీటిలో మొదటిదానికి సుమారు 250, రెండవదానికి 60 నుంచి 70. ఎవరి సంఖ్య తక్కువైతే వారిని నీరు అంత ఎక్కువగా తనలో నిలుపుకుంటుంది. ఆ నష్టం పరికరాలు నడిపేవారి అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు. దానికి తోడు డైక్లోరోమీథేన్ నీటికంటే బరువైనది కాబట్టి అడుగున చేరేది, ఇథైల్ ఎసిటేట్ పైన తేలుతుంది. పాత పద్ధతిలోనే అడుగు కవాటం తెరిస్తే ముందు పోయేది నీటి పొర. ఇవన్నీ మార్పుకు ముందే కాగితం మీద రాసుకోవలసిన విషయాలు.

దగ్గర సంఖ్యలున్న రెండు ద్రవాలను నీరు ఇంత వేరుగా ఎందుకు చూస్తుందన్నది అసలు మెలిక. హైడ్రోజన్ బంధం అంటే ఇచ్చిపుచ్చుకోవడం. ఒకరు హైడ్రోజన్ ఇవ్వాలి, మరొకరు ఆక్సిజన్ వంటి దానితో పుచ్చుకోవాలి. డైక్లోరోమీథేన్ ప్రధానంగా ఇచ్చేది, అదీ బలహీనంగా. ఇథైల్ ఎసిటేట్ పుచ్చుకునేది మాత్రమే. హాన్సెన్ మూడవ సంఖ్య ఈ రెండు గుణాలనూ ఒకే మూటగా కట్టేస్తుంది కాబట్టి 7.1, 7.2 ఒకేలా కనిపిస్తాయి. ఇంకొక లోటు కూడా ఉంది. దూరం ఎప్పుడూ సున్నా గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటుంది, కాబట్టి పరాయి ద్రవంలో అణువు తన వాళ్ల మధ్య కంటే సుఖంగా ఉండే సందర్భాలను అది చూడలేదు. ఎసిటోన్, క్లోరోఫారం అటువంటి జంట. క్లోరోఫారం హైడ్రోజన్ ఇస్తుంది, ఎసిటోన్ పుచ్చుకుంటుంది, పలుచని చివరల్లో ఇద్దరి గుణకాలూ 1 కంటే బాగా తక్కువ. 56, 61 డిగ్రీల దగ్గర మరిగే ఆ రెండు ద్రవాలు కలిసి 64 డిగ్రీలు దాటాక మరిగే మిశ్రమం అవుతాయి. ఇథనాల్, నీటి మధ్య హాన్సెన్ దూరం 24 వస్తుంది. దాన్నే నమ్మితే అవి కలవకూడదు, కానీ ఎంతకు ఎంతైనా కలుస్తాయి. ఇచ్చే గుణాన్ని, పుచ్చుకునే గుణాన్ని విడివిడి సంఖ్యలుగా రాసి, అనంత విలీనత గుణకాలను అంచనా కట్టడం కోసమే థామస్, ఎకర్ట్ 1984లో మాస్‌సెడ్ అనే పద్ధతిని తెచ్చారు. మీ వంటి పనులకు హాన్సెన్ పట్టిక కంటే అదీ, డార్ట్‌మండ్ యూనిఫాకూ నమ్మదగినవి.

మార్పు వద్దని నేను అనడం లేదు. మందులో మిగిలిపోయే ద్రావణి విషయంలో అంతర్జాతీయ మార్గదర్శకాలు డైక్లోరోమీథేన్‌ను పది లక్షల భాగాల్లో 600 భాగాలకు పరిమితం చేస్తే, ఇథైల్ ఎసిటేట్‌కు 5,000 దాకా అనుమతిస్తాయి. కార్మికుల ఊపిరికి కూడా ఈ మార్పు మంచిదే. కడిగే నీటిలో కొంత ఉప్పు కలపండి, కడిగిన నీటి నుంచి ఇథైల్ ఎసిటేట్‌ను ఆవిరితో తిరిగి రాబట్టే ఏర్పాటు అడగండి. పలుచని నీటిలో దాని గుణకం 60 దాటి ఉన్నందువల్ల అది సులువుగానే పైకి వస్తుంది. మీ పై అధికారులకు ఈ రెండు గుణకాలను కాగితం మీద చూపించి మాట్లాడండి.

ప్రశ్న: ఎంత బాగా స్వేదనం చేసినా (మరిగించి ఆవిరి పట్టినా) ఆల్కహాల్ 95.6 శాతం దాటదని పిల్లలకు చెబుతున్నాను గాని, ఎందుకని అడిగితే చెప్పలేకపోతున్నాను. (ఉపాధ్యాయుడు, రాయగడ)

ఒక్క భాగహారంతో చెప్పవచ్చు. మీరు చెప్పే ఆల్కహాల్, అంటే ఇథనాల్, 78.3 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అప్పుడు దాని బాష్ప పీడనం 101.3 కిలోపాస్కల్. అదే వేడి దగ్గర శుద్ధమైన నీటి బాష్ప పీడనం సుమారు 44 కిలోపాస్కల్. 101.3ను 44తో భాగిస్తే 2.3 వస్తుంది. ఇథనాల్‌లో పలుచగా మిగిలిన నీటికి గుణకం 2.3 కంటే తక్కువైతే ఆల్కహాల్ ముందు పైకి వెళ్లి, నీరు అడుగున ఉండిపోవాలి. కొలతల్లో ఆ గుణకం 2.3 కంటే కొంచెం ఎక్కువగానే ఉంటుంది. అందుచేత చివరి కొద్ది నీరు ఆల్కహాల్ కంటే తొందరగా ఆవిరవుతూ తిరిగి పైకి వచ్చేస్తుంది. ఎక్కడ రెండింటి జోరు సమానమవుతుందో అక్కడ బరువులో 95.6 శాతం దగ్గర స్వేదనం నిలిచిపోతుంది. ఇథిలీన్ గ్లైకాల్ వంటి మూడవ ద్రవాన్ని పైనుంచి పోస్తే అది నీటిని తన ఓహెచ్ సమూహాలతో పట్టుకుని నీటి గుణకాన్ని దించేస్తుంది, అప్పుడు ఆల్కహాల్ ఒంటరిగా పైకి పోతుంది. ఆ మూడవ ద్రవాన్ని ఎంచేటప్పుడు పరిశ్రమల వారు చూసేది కూడా అనంత విలీనత గుణకాల నిష్పత్తినే.

ప్రశ్న: మా వీధిలోని పెయింటింగ్ షెడ్డు నుంచి కొంచెం టోలూన్ మా బావిలో పడింది. నీటిలో అది కరగదు కాబట్టి తేలిన పొరను తీసేస్తే చాలని వాళ్లు అంటున్నారు. నిజమేనా? (గుణుపురం, రాయగడ జిల్లా)

చాలదు. టోలూన్ నీటిలో తక్కువగా కరుగుతుంది గాని అసలు కరగకుండా ఉండదు. పొరను తీసేసినా, లీటరు నీటిలో సగం గ్రాము దాకా కరిగి ఉండే అవకాశం ఉంది, తాగే నీటికి అది చాలా ఎక్కువ. మీకు అనుకూలమైన విషయం ఒకటి ఉంది. నీటిలో టోలూన్ గుణకం దాదాపు పది వేలు, అందువల్ల గాలి తగిలితే అది నీటికంటే పది వేల రెట్లకు పైగా సులువుగా బయటికి వచ్చేస్తుంది. అదే ఇథనాల్ పడి ఉంటే, గుణకం 4 దాపులోనే ఉంటుంది కనుక గాలితో దాన్ని తీయడం ఎంతో కష్టమయ్యేది. అయితే బావి లోతులో నిలిచిన నీటికి గాలి తగలదు. నీటిని పూర్తిగా తోడించి, ఊరిన నీటిని మళ్లీ తోడించి, ఆ తరువాత ప్రయోగశాలలో పరీక్ష చేయించే వరకు తాగడానికి, వంటకు వాడకండి. తోడేటప్పుడు ఎవరినీ బావిలోకి దించవద్దు. నీటి నుంచి అంత సులువుగా బయటపడే ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి బావి లోపలే నిలిచిపోతుంది, పైగా నిప్పు తగిలితే అంటుకుంటుంది.